సిగ్నల్ లేదు

ఎవరిస్తో గారి విమానం
రోజూ ఆండీస్ దాటకముందే గుడ్డిదవుతోంది.
తెర నల్లబడుతుంది.
"సిగ్నల్ లేదు" అన్న చిన్న పెట్టె
మూల నుంచి మూలకి కాసేపు తచ్చాడి
అదీ పోతుంది.
ఇంజిన్ మాత్రం స్పీకర్లలో మోగుతూనే ఉంటుంది.
"కొండలెటున్నాయో తెలీకుండా
ఎంతసేపని పట్టుకోను?"
అంటాడాయన, నాకు కాదు, గోడకి చెబుతున్నట్టు.

వాల్పరైసోలో నూటపదహారు మెట్లెక్కి వెళ్లాను.
పక్కనే తాడుబండి ఉండగా నడకేమిటన్నాడు.
చిల్లర లేదన్నాను.
ఆయన నా బూట్ల వంక చూసి
మంచినీళ్లిచ్చాడు.

మొదటి రోజు డ్రైవర్లు తుడిచేసి మళ్లీ ఎక్కించాను.
పోయింది.
కేబుల్ మార్చాను. పోయింది.
పక్క రేకు విప్పితే
ఫ్యాను రెక్కల మీద పిల్లి బొచ్చు,
పిల్లి చనిపోయి రెండేళ్లట.
సముద్రపు గాలి ఈ ఊళ్లో ఇనుముతో సరిపెట్టుకోదు,
కార్డు అంచున ఉన్న బంగారు పళ్లనీ నాకింది.
బడిపిల్లల రబ్బరుతో రుద్దాను,
దీపం కుందె తోమినట్టు.
మెరిశాయి.
ఏడు నిమిషాలు మెరిశాయి.

జ్వరమా అంటే అరవై ఒక్క డిగ్రీలే.
ఆకలా అంటే
అరువు తెచ్చిన పవర్ సప్లై పెట్టినా అదే వరస.
ఇంటికి పట్టుకుపోయి
మా తమ్ముడు గాస్పర్ పెట్టెలో గుచ్చితే
మూడు రాత్రులు కన్నార్పలేదు కార్డు.
తిరిగి తెచ్చి పెట్టానో లేదో,
మళ్లీ చీకటి.
ఈ ఇంటి మీదే దానికి కోపం.

ఇక చేసేదేం లేక
నోటుపుస్తకంలో వేళలు రాస్తూ కూర్చున్నాను.
ఆరూ పన్నెండు. ఆరూ పంతొమ్మిది.
ఆరూ ముప్పై ఒకటి.
సోమవారం పేజీ ఖాళీ,
ఆ రోజు ఆయన మెండోసా దాకా వెళ్లి
వెనక్కి కూడా వచ్చాడు.

పుస్తకాన్ని ఆయన తలకిందులుగానే చదివాడు.
"సోమవారం తాడుకి గ్రీజు పెడతారు," అన్నాడు.
అని, నేల మీద అరచెయ్యి ఆన్చాడు.
నలభై ఒక్క ఏళ్లు
పై గదిలో ఆ బండి మీట పట్టిన చెయ్యి.

"కింద తలుపేశారు.
కదిలింది.
ఎక్కింది నలుగురు, ఒకడు లావు.
సగం దారి... రెండో బండి దాటింది...
ఇప్పుడు చూడు."

అల్మరాలో గ్లాసులు గలగలమన్నాయి.
తెర ఆరిపోయింది.

"కొత్త కుర్రాడు," అన్నాడు కళ్లు మూసుకునే.
"బ్రేకుని కుదేస్తున్నాడు.
బుజ్జగించాలి దాన్ని."

టార్చి వేసి వంగి చూశాను.
కిలో పైన బరువున్న కార్డు
ఒక్క మరమేకు మీద వేలాడుతూ
తోక వాల్చేసింది.
గాడి చివర వెంట్రుకంత సందు.
ఆరు రోజులుగా అక్కడే ఉంది ఆ సందు,
నేనే
నిలబడి చూశాను, వంగి చూడలేదు.

కింద ఊతమివ్వడానికి ఏదైనా కావాలంటే
డొమినో డబ్బా తెచ్చాడు.
ఆరూ-ఆరూ తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.
వెతికి వెతికి
రెండు వైపులా చుక్కల్లేని బిళ్ల ఇచ్చాడు.
"ఇకనుంచి ఇరవై ఏడుతో ఆడతాం.
ఓస్వాల్దోకి లెక్క రాదులే."
బిళ్ల నిలబెట్టాను. కాస్త తక్కువైంది.
మడత పెట్టిన బస్సు టిక్కెట్టుతో సరిపోయింది.

విమానం లేచింది.
మంచు కొండలు ఒక్కొక్కటే వచ్చాయి,
ఆయన వాటికి పేర్లు పెట్టి పలకరించాడు.
కింద తలుపేసిన చప్పుడు.
ఇద్దరం మాట్లాడలేదు.
బండి వచ్చి ఆగింది, దబ్బున.
అల్మరాలో గ్లాసులు మోగాయి.
కొండలు కొండల్లాగే ఉన్నాయి.

డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ,
చిల్లర విడిగా తాడుబండికని ఇస్తూ,
ఎందుకో సంతోషంగా లేడు.
గుమ్మం దాకా వచ్చి అన్నాడు:
"నేనైతే
ఆ గ్లాసుల్ని కూడా మోగనిచ్చేవాణ్ణి కాదు."